తప్పు ఎవరి మీద రాస్తున్నారు?

వార్షికోత్సవ సంచిక అనగానే అమ్మ మీద ఒక కవిత, అంబేద్కర్ గారి మీద ఒక వ్యాసం, మెస్సులో సాంబారు మీద నాలుగు జోకులు రాయడం మన హాస్టల్లో ఎప్పటినుంచో వస్తున్న ఆనవాయితీ. అవి లేకపోతే సంచికకు కళే ఉండదు. మేము మాత్రం ఈసారి యాక్సిడెంటు కేసుల గురించి రాయదలుచుకున్నాం. ఇదేం సబ్జెక్టు, ప్లీడర్లు రాసుకునేది కదా అని కొందరు తమ్ముళ్ళు అప్పుడే అడిగారు. మేము హాస్టల్లో ఉన్న ఏడేళ్ళలో మా గదిలోంచి పెట్టె సర్దుకుని మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు ముగ్గురు. అందులో పరీక్ష తప్పి వెళ్ళినవాడు ఒక్కడే. మిగిలిన ఇద్దరి ఇళ్ళలోనూ సంపాదించే మనిషి రోడ్డు మీద పడి మళ్ళీ పనికి లేవలేకపోయాడు. ఒక ఇంటికి పైసా పరిహారం రాలేదు. రెండో ఇంటికి వచ్చింది ఆసుపత్రి బాకీకే సరిపోయింది. కాబట్టి ఇది మన సబ్జెక్టే.

మన పెద్దాపురం పిల్లలకి రోడ్డు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. రాజానగరం నుంచి మన ఊరి మీదుగా సామర్లకోట పోయే ఏడీబీ రోడ్డు మీద ధాన్యం లారీలు, కర్రపెండలం వేసుకుని సగ్గుబియ్యం మిల్లులకు వెళ్ళే ట్రాక్టర్లు, కాలేజీ బస్సులు, వీటన్నిటి మధ్యా నాట్లకీ కోతలకీ మన అమ్మలనీ పిన్నులనీ ఎక్కించుకున్న షేరు ఆటోలు. ఆ రోడ్డు మీదే మేము రోజూ యూనివర్సిటీకి బస్సులో వెళ్ళి వస్తాం. మా ఇళ్ళలో డిగ్రీ ముఖం చూసినవాళ్ళం మేమే మొదలు. అందుకని ఎవరికి దెబ్బ తగిలినా, చదువుకున్నావు కదరా ఈ కాగితం చూడు అని ముందు మా దగ్గరికే వస్తారు. మేము లా చదవలేదు. చూసిన కాగితాల వల్ల, ఒక ప్లీడరు గారి గుమాస్తా ఓపిగ్గా చెప్పడం వల్ల, లైబ్రరీలో జడ్జిమెంట్లు తిరగేయడం వల్ల తెలిసిందే ఇక్కడ రాస్తున్నాం.

మొదట అందరూ పొరపడే విషయం. దెబ్బ తగిలితే చాలు, డబ్బు వస్తుందనుకుంటారు. అలా రాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షన్ కింద పూర్తి పరిహారం కావాలంటే ఎదుటి బండి నడిపినవాడి నిర్లక్ష్యం వల్లే ఇది జరిగిందని దెబ్బ తగిలినవాడే చూపించాలి. నిర్లక్ష్యం రుజువు కాకుండా బాధ్యత లేదని సుప్రీంకోర్టు 1977లోనే మిను బి. మెహతా కేసులో చెప్పింది. వినడానికి న్యాయంగానే ఉంటుంది, తప్పు చేసినవాడే డబ్బు కట్టాలి కదా అనిపిస్తుంది. కానీ తప్పు రుజువు చెయ్యాల్సిన మనిషి ఆ సమయంలో ఎక్కడ ఉంటాడో ఆలోచించండి. స్పృహ లేకుండా కాకినాడ పెద్దాసుపత్రిలో ఉంటాడు. లారీ డ్రైవరు, లారీ యజమాని తాలూకు మనిషి, చూసిన కిళ్ళీకొట్టు అతను, వీళ్ళంతా పోలీసు స్టేషన్లో ఉంటారు. రైటరు గారు ఎవరు చెప్పింది రాస్తారు? ఎదురుగా ఉండి మాట్లాడేవాడు చెప్పిందే రాస్తారు. రైటరు గారిని తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మనవాళ్ళ తరఫున మాట్లాడే మనిషి ఆ గంటలో అక్కడ లేడని చెబుతున్నాం.

ఈ తప్పు లెక్క ఎంత పాతదో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1809లో ఇంగ్లండులో ఒక ఇంటాయన రిపేరు పనికని రోడ్డుకి అడ్డంగా ఒక వాసం పెట్టాడు. చీకటి పడే వేళ గుర్రం మీద వేగంగా వచ్చినాయన దానికి తగిలి కింద పడ్డాడు. బటర్‌ఫీల్డ్, ఫారెస్టర్ కేసు అంటారు దాన్ని. రోడ్డుకి వాసం అడ్డం పెట్టడం తప్పే, కానీ చూసుకుని రాకపోవడం నీ తప్పు, కాబట్టి నీకు ఏమీ రాదు అన్నారు. అంటే బాధితుడి వైపు కొంచెం తప్పున్నా మొత్తం పోయినట్టే. ఇంగ్లండు 1945లో ఈ పద్ధతి మానేసి, ఎవరి తప్పు ఎంతో అంత వరకే తగ్గించాలని చట్టం చేసుకుంది. మన ట్రిబ్యునళ్ళు కూడా అలాగే శాతాల లెక్కన తగ్గిస్తాయి. పాత పద్ధతి ఇంకా పోని చోట్లు అమెరికాలో ఉన్నాయి. వర్జీనియా, మేరీలాండ్, నార్త్ కరోలినా, అలబామా రాష్ట్రాల్లో బాధితుడి తప్పు ఒక్క శాతం అని తేలినా సాధారణంగా పరిహారం సున్నా. వాషింగ్టన్ నగరంలో 2016 నుంచి నడిచేవాళ్ళకీ సైకిలు తొక్కేవాళ్ళకీ మాత్రం సడలించారు. మనవాళ్ళు, తెలుగువాళ్ళు, ఆ రాష్ట్రాల్లో చాలామంది ఉన్నారు. ఈ సంచిక ఫలానా ఊళ్ళో కూర్చుని చదువుతున్న పూర్వ విద్యార్థి అన్నయ్యలు ఎవరైనా ఉంటే, అక్కడ యాక్సిడెంటు అయ్యాక మర్యాదకి కూడా సారీ, నాదే పొరపాటు అనకండి. మన గోదావరి మర్యాద అక్కడ కేసు పోగొడుతుంది.

మన దగ్గర సున్నా చెయ్యరు, శాతం కొడతారు. ఆ శాతం ఎలా కొడతారో చెప్పడానికి మాకు బాగా తెలిసిన ఒక ఇంటి సంగతి రాస్తాం. ఊరు, పేర్లు రాయం.

మా జూనియర్ తమ్ముడు ఒకడి అమ్మ నాట్లకు వెళ్ళి వస్తోంది. ఆటోలో తొమ్మిది మంది. వెనకనుంచి లారీ కొట్టింది. ఆమెకి తుంటి ఎముక విరిగింది, మోకాలు నలిగింది. మూడో రోజు ఆసుపత్రి మంచం దగ్గరికి లారీ తాలూకు మనిషి ఒకాయన, ఊరి పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో యాపిల్ పళ్ళు, పదివేలు, ఒక తెల్లకాగితం. చూడమ్మా, కేసూ కోర్టూ అంటే నువ్వు తిరగలేవు, డ్రైవరు కుర్రాడు కూడా పేదవాడే, మనలో మనం సర్దుకుందాం అన్నాడు. ఆమె సరేనంది. పాపం, ఆమె దృష్టిలో పదివేలంటే నెల రోజుల కూలి. స్టాంపు ప్యాడు కూడా వాళ్ళే తెచ్చారు. అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఆమె కొడుకు ఆ కాగితం తీసుకుని చదివాడు. ఆటోలో చివర కూర్చుని, నా అజాగ్రత్త వల్ల జారి కింద పడితిని, ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు అని ఉంది అందులో. కుర్రాడు అమ్మ బొటనవేలు పట్టుకుని, అమ్మా ఆగు అన్నాడు. పెద్దమనిషికి కోపం వచ్చింది, నాలుగు ముక్కలు చదివితే పెద్దంతరం చిన్నంతరం పోయిందా అని తిట్టిపోయాడు.

ఆ వేలిముద్ర పడి ఉంటే ఏమయ్యేదో లెక్క కడదాం. ఆమెకి ముప్పై ఎనిమిదేళ్ళు. కూలి మనిషికి జీతం కాగితం ఎక్కడుంటుంది? నెలకి 9,000 సంపాదన అని ట్రిబ్యునల్ ఒప్పుకుందనుకుందాం. ఏడాదికి 1,08,000. సరళా వర్మ కేసులో (2009) సుప్రీంకోర్టు వయసును బట్టి గుణకాల పట్టిక ఇచ్చింది. 36 నుంచి 40 ఏళ్ళ వాళ్ళకి అది 15. అంటే 16,20,000. పని చేసే శక్తి నూటికి నలభై వంతులు పోయిందనుకుంటే 6,48,000. నలభై లోపు వయసు కూలీలకి, సొంత పనివాళ్ళకి రాబోయే కాలంలో పెరిగే ఆదాయం కింద మరో నలభై శాతం కలపాలని ప్రణయ్ సేథీ కేసు (2017) చెప్పింది. అది మరణాల కేసు, కానీ 2018లో జగదీష్ కేసులో గాయపడ్డవాళ్ళకీ వర్తింపజేశారు. కలిపితే 9,07,200. వైద్యం ఖర్చు, నొప్పికీ బాధకీ ఇచ్చేది, మనిషి సాయం ఖర్చు, ఇవన్నీ వేరే. యాపిల్ పళ్ళతో వచ్చిన పదివేలని దీని పక్కన పెట్టి చూడండి.

తర్వాత ట్రిబ్యునల్లో ఇన్సూరెన్సు కంపెనీ ప్లీడరు లేచి, ఆటోలో ఎక్కాల్సిన వాళ్ళకంటే ఎక్కువమంది ఎక్కారు, ఎక్కడం వీళ్ళ తప్పు, కాబట్టి పరిహారంలో కోత వెయ్యాలి అన్నాడు. దీన్ని కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు. తన దెబ్బకి తాను కూడా కొంత కారకుడు కావడం. ఇంకొకటి కాంపోజిట్ నెగ్లిజెన్స్ అని ఉంది. రెండు బళ్ళవాళ్ళ తప్పు కలిసి మూడో మనిషికి దెబ్బ తగలడం. ఈ రెండు మాటలకీ తేడా తెలియక మన కేసులు ఎన్ని నీరుగారిపోయాయో! ఆటోవాడిది ముప్పై, లారీవాడిది డెబ్బై అని తేలినా లోపల కూర్చున్న మనిషి తప్పు సున్నాయే. ఆమె ఇద్దరిలో ఎవరి దగ్గరనుంచైనా మొత్తం అడగవచ్చు, వాళ్ళూ వాళ్ళూ తర్వాత పంచుకుంటారు అని 2015లో ఖెన్యెయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పాయింటు ఎత్తి చెప్పే ప్లీడరు ఉంటే కోత ఆగుతుంది. లేకపోతే పది శాతం, ఇరవై శాతం ఎగిరిపోతుంది. పై లెక్కలో పది శాతం అంటే 90,720. ఆమె ఎన్ని నెలల కూలి అది?

ఆ కేసు ట్రిబ్యునల్లో నాలుగేళ్ళు నడిచింది. కోత లేకుండానే తీర్పు వచ్చింది. కంపెనీ హైకోర్టుకి అప్పీలు వెళ్ళింది. ఇప్పుడు అక్కడుంది. ఆమె కర్ర పట్టుకుని నడుస్తోంది, నాట్లకి వెళ్ళలేదు. ఈ సంగతి దాచిపెట్టి గెలిచాం గెలిచాం అని రాయడం మాకు ఇష్టం లేదు.

ఇక మన కుర్రాళ్ళ దగ్గరికి వద్దాం. ముగ్గురెక్కి మోటారు సైకిలు మీద సామర్లకోట సెకండ్ షోకి వెళ్ళని బ్యాచ్ మన హాస్టల్లో ఉందా? వార్డెన్ గారు ఈ పేరా చదవకుండా పేజీ తిప్పేస్తే బాగుండును. ముగ్గురెక్కడం నేరం, జరిమానా ఉంది, ప్రమాదం కూడా. అది వేరే విషయం. ముగ్గురెక్కారు కాబట్టి దెబ్బ తగలడంలో మీకు వాటా ఉందని కంపెనీ వాదిస్తే? ఢిల్లీలో 2008లో సరిగ్గా ఇదే జరిగింది. ముగ్గురు వెళ్తున్న మోటారు సైకిలుని కారు గుద్దింది, వెనక కూర్చున్న కుర్రాడు చనిపోయాడు. వాడికి ఇరవై మూడేళ్ళు, మా వయసే. హైకోర్టు పది శాతం కోసేసింది. తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2020 జనవరిలో మహమ్మద్ సిద్దిఖీ కేసుగా తీర్పు వచ్చింది. ముగ్గురు ఉండటం అనే ఒక్క కారణంతో తప్పు అంటగట్టకూడదు, ముగ్గురు ఉన్నందువల్లే యాక్సిడెంటు జరిగిందనో, దెబ్బ పెద్దదైందనో రుజువుండాలి అన్నారు. కోసిన డబ్బు తిరిగి ఇప్పించారు. లైసెన్సు లేకపోవడం ఒక్కటే కూడా తప్పు కిందికి రాదని 2008లోనే సుధీర్ కుమార్ రాణా కేసులో చెప్పారు. రూలు తప్పడానికీ యాక్సిడెంటుకి కారణం కావడానికీ తేడా ఉంది. ఈ తేడా పట్టుకోవడం వస్తే సగం కేసు అర్థమైనట్టే.

కానీ ఒక చోట మనకి దారి నిజంగా మూసుకుపోతుంది, అది ప్రతి కుర్రాడూ తెలుసుకోవాలి. స్నేహితుడి బండి అడిగి తీసుకుని, మనమే నడుపుతూ, వేరే మోటారు బండి ఏదీ తగలకుండా పడిపోతే పరిహారం అడగడానికి ఎవరూ ఉండరు. కర్ణాటకలో ఇల్కల్ నుంచి తన ఊరికి అడిగి తెచ్చుకున్న మోటారు సైకిలు మీద వెళ్తున్న ఒకాయన, ముందు ఇనపరేకులతో వెళ్తున్న ఎద్దుల బండి ఆగితే దానికి గుద్దుకుని చనిపోయాడు. భార్యాబిడ్డలు కేసు వేశారు. నింగమ్మ కేసు అది, 2009. బండి అరువు తీసుకున్నవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్టే, యజమాని తన మీద తానే పరిహారం అడగలేడు అన్నారు. 2020లో రాంఖిలాడీ కేసులోనూ అదే మాట. మరి నడిపేవాడికి ఏమీ లేదా అంటే, యజమాని డ్రైవరుకి వ్యక్తిగత ప్రమాద బీమా అని 15 లక్షలది 2018 నుంచి ఉంది. ఆ ప్రీమియం దండగ అనుకుని చాలామంది కట్టరు. బండి వెనక కూర్చున్నవాడికి కూడా ఉత్త థర్డ్ పార్టీ పాలసీలో రక్షణ ఉండకపోవచ్చు, తిలక్ సింగ్ కేసులో (2006) అలాగే తేల్చారు. చవకగా వస్తుందని ఆ పాలసీయే మనవాళ్ళు ఎక్కువగా కట్టేది.

దీనికంటే మాకు ఎక్కువ కడుపుమండే విషయం గూడ్సు బళ్ళది. మరిడమ్మ అమ్మవారి జాతరకి ట్రాక్టరు తొట్టెలో ఎక్కి వచ్చే కుటుంబాలు, కోతల కాలంలో టాటా ఏస్‌లో నిలబడి వెళ్ళే కూలీలు మనవాళ్ళే. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనుషులకి ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసులో (2002) సుప్రీంకోర్టు అంది. సరుకు యజమానీ, అతని ప్రతినిధీ అయితే ఉంది, 1994 సవరణ వల్ల. అంటే ధాన్యం బస్తాతో పాటు వెళ్ళే ఆసామికి బీమా ఉంది, ఆ ధాన్యం కోసి వస్తున్న కూలీకి లేదు. ట్రాక్టరు యజమాని మీద తీర్పు వస్తుంది, అతని దగ్గర ఏముంటుంది వసూలు చెయ్యడానికి? కొన్ని కేసుల్లో ముందు కంపెనీ కట్టి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు జాలి చూపాయి, 2018లో శివరాజ్ కేసులో ట్రాక్టరు మీద వెళ్తున్నాయనకి అలాగే ఇప్పించారు. జాలి మీద ఎన్నాళ్ళు ఆధారపడతాం? ఊరికి బస్సు లేదు, పొలానికి ఆటో రాదు, ట్రాక్టరే గతి అయినప్పుడు అందులో ఎక్కినవాళ్ళందరికీ పాలసీ తప్పనిసరి చెయ్యాలని చట్టాన్నే మార్చమని అడగాలి. ఇది మా గట్టి అభిప్రాయం. బండి ధరలో ఈ ప్రీమియం ఎంతవుతుంది?

తప్పుతో పని లేని దారులు కూడా ఉన్నాయి. మన మండలం జి.రాగంపేటలో 2023 ఫిబ్రవరి 9న ఒక నూనె ఫ్యాక్టరీలో ట్యాంకు శుభ్రం చెయ్యడానికి దిగి ఏడుగురు కార్మికులు ఊపిరాడక చనిపోయారు. ఐదుగురు పాడేరు వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఇద్దరు మన పులిమేరు వాళ్ళు. అలాంటి చోట, ముందుగా చూసుకుని దిగాలి కదా అని ఎవరైనా అంటే? పనిలో జరిగిన ప్రమాదానికి అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ఆ ప్రశ్న అడగనివ్వదు. తాగి ఉన్నాడు, చెప్పిన మాట వినలేదు అన్న వాదనలు కూడా మరణం విషయంలోనూ పూర్తి శాశ్వత వైకల్యం విషయంలోనూ చెల్లవు. ముప్పై ఏళ్ళ కార్మికుడు నెలకి 15,000 జీతం మీద చనిపోతే, అందులో సగాన్ని 207.98తో హెచ్చించి 15,59,850 ఇవ్వాలి. లెక్క అంతే, సాక్షులు అక్కర్లేదు. ఇప్పుడు ఆ చట్టం స్థానంలోకి 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ వచ్చింది. ఒక మనిషి పనిలో చనిపోతే తప్పు అడగని సమాజం, రోడ్డు మీద లారీ కింద పడితే మాత్రం తప్పెవరిదో నువ్వే రుజువు చెయ్యి అంటోంది. ఇందులో న్యాయం ఏమిటో మాకు బోధపడలేదు.

రోడ్డు మీద కూడా తప్పు అడగని డబ్బు కొంత పెట్టారు. 2022 ఏప్రిల్ 1 నుంచి 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు తప్పు రుజువు లేకుండా వస్తాయి. చాలామంది ఇది వరమని చెబుతారు. మేము అంత తేలిగ్గా ఒప్పుకోం. ఆ డబ్బు సెటిల్‌మెంటుగా పుచ్చుకుంటే 166 కింద వేసిన కేసు రద్దయిపోతుంది. అరవై ఏళ్ళ మనిషికి, సాక్షులు ఎవరూ లేని కేసుకి, తప్పు నిజంగా మనదే అయిన కేసుకి అది మంచిదే. ముప్పై ఎనిమిదేళ్ళ కూలి మనిషికి తొమ్మిది లక్షలు వచ్చే చోట రెండున్నరకి సంతకం పెట్టించడం మాత్రం ఆ యాపిల్ పళ్ళ వ్యవహారానికి కాస్త పెద్ద అన్నలాంటిదే. అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్నప్పుడు నాలుగేళ్ళు ఆగమని చెప్పడం సులువు కాదని మాకూ తెలుసు. అందుకే ఎవరో ఒకరు పక్కన కూర్చుని రెండు లెక్కలూ కట్టి చూపించాలంటున్నాం. లెక్క చూశాక వాళ్ళిష్టం.

గుద్దిన బండి ఏదో తెలియకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వచ్చే పథకం ఉంది, అదీ 2022 ఏప్రిల్ నుంచే. అంతకు ముందు 25 వేలు, పన్నెండున్నర వేలు ఉండేది. దీనికి కోర్టు అక్కర్లేదు, అర్జీ రెవెన్యూ అధికారులకి పెట్టుకోవాలి. రెవెన్యూ డివిజన్ ఆఫీసు మన ఊళ్ళోనే ఉంది, హాస్టల్ పిల్లలం కుల ధృవీకరణ పత్రాల కోసం తిరిగి తిరిగి ఆ దారులన్నీ మనకి తెలిసినవే.

దొంగ కేసులు వేసేవాళ్ళు కూడా ఉన్నారు, మీరు వాళ్ళకి వంత పాడుతున్నారని ఒక మాస్టారు మాతో అన్నారు. దొంగ కేసులు ఉన్నమాట నిజం. ఏ బండీ తగలని మనిషికి ఏదో బండి నంబరు తగిలించి కేసు వేసే ముఠాల మీద వేరే రాష్ట్రంలో ప్రత్యేక దర్యాప్తే జరిగింది. దాని ఫలితం ఎవరి మీద పడిందో చూడండి. ఫిర్యాదు రెండు రోజులు ఆలస్యమైతే చాలు, అందరినీ అనుమానంగా చూస్తున్నారు. కొడుకు స్పృహలో లేకపోతే ఏ తండ్రీ ముందు స్టేషన్‌కి పరిగెత్తడు, ఆలస్యం ఒక్కటే కారణంగా కేసు కొట్టెయ్యకూడదని 2011లో రవి కేసులో సుప్రీంకోర్టు అన్నా సరే, కింద అడిగే మొదటి ప్రశ్న అదే. దొంగల వల్ల నష్టపోయేది కాగితాలు లేని నిజాయితీపరులు. కాబట్టి మన కాగితం మొదటి రోజునుంచే గట్టిగా ఉండాలి.

ఆ కాగితం సంగతి. ఆసుపత్రిలో చేర్చగానే ఇది యాక్సిడెంటు కేసని చెప్పి ఎమ్మెల్సీ రాయించాలి. మెట్ల మీద పడ్డాడని రాయిస్తే తొందరగా చూస్తారని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఆ ఒక్క మాట నాలుగేళ్ళు వెంటాడుతుంది. ఫిర్యాదు తెలుగులో మనమే రాసి ఇవ్వాలి. బండి నంబరు, ఏ వైపునుంచి ఏ వైపుకి, రోడ్డు మార్జిన్ ఎక్కడ, మనిషి ఎక్కడ పడ్డాడు. తెలియనిది రాయకూడదు, ఊహించి వేగం అంకెలు వెయ్యకూడదు. పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు ట్రిబ్యునల్‌కి పంపాలని 2022 నుంచి రూలు ఉంది. పంపారా అని అడగడం మన హక్కు. చార్జిషీటు డ్రైవరు మీద పడితే సగం బరువు తగ్గుతుంది. క్రిమినల్ కేసులో అతను విడుదలైనా మన కేసు పోదు, ఎందుకంటే ఇక్కడ ఏది ఎక్కువ నమ్మదగినదో చూస్తే చాలు, అనుమానానికి అతీతమైన రుజువు అక్కర్లేదని బిమలాదేవి కేసునుంచీ (2009) చెబుతూనే ఉన్నారు. ట్రిబ్యునల్లో వెయ్యడానికి ఆరు నెలల గడువు పెట్టారు. ఆ గడువు చెల్లదన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది గానీ, అదేం తేలుతుందో చూద్దామని మనం కూర్చోకూడదు. ప్రమాదం ఏ ఊళ్ళో జరిగినా మనం ఉండే చోటి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు.

వైకల్యం విషయంలో ఒక మాట. పింఛను కోసం తెచ్చుకున్న సదరం సర్టిఫికెట్టు చూపిస్తే సరిపోతుందని మనవాళ్ళు అనుకుంటారు. చాలాసార్లు డాక్టరు గారు వచ్చి సాక్ష్యం చెప్పాల్సి వస్తుంది. అంతకంటే ముఖ్యం, శరీరంలో ఎన్ని శాతం పోయింది అనేది ఒక లెక్క, పనిలో ఎన్ని శాతం పోయింది అనేది ఇంకో లెక్క. ఎడమ చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం చేసుకోగలడు, అదే చెయ్యి పోయిన వడ్రంగికి బతుకే పోయినట్టు. 2010లో రాజ్‌కుమార్ కేసులో ఈ తేడాని సుప్రీంకోర్టు ఎంతో వివరంగా చెప్పింది. కాబట్టి అమ్మ ఏ పని చేసేది, వంగి చేసేదా నిలబడి చేసేదా, బురదలో ఎన్ని గంటలు అన్నది సాక్ష్యంలో రావాలి. ఇది ఆమె తప్ప ఏ ప్లీడరూ చెప్పలేడు. కూలి మనిషి ఆదాయానికి రశీదు లేదని తక్కువ కట్టకూడదని కూడా 2011లో రామచంద్రప్ప కేసులో చెప్పారు. 2004లో దెబ్బ తగిలిన కూలీకి నెలకి 4,500 ఒప్పుకున్నారు. ఇంట్లో వంటా పిల్లలూ చూసుకునే ఆడవాళ్ళ పనికీ విలువ కట్టి తీరాలని 2021 జనవరిలో కీర్తి కేసులో మన తెలుగు జడ్జి ఎన్.వి.రమణ గారు ప్రత్యేకంగా రాశారు.

ప్లీడరు ఫీజు ఎక్కడనుంచి అంటారేమో. వచ్చినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకుని ఖాళీ వకాల్తా మీద సంతకాలు చేసేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీ వాళ్ళకి, ఆడవాళ్ళకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా ప్లీడరుని ఇవ్వాలి. మన కోర్టులోని మండల న్యాయ సేవా కమిటీకి ఒక తెల్లకాగితం మీద రాసిస్తే చాలు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే మళ్ళీ అప్పీలు ఉండదన్నది మాత్రం గుర్తుంచుకుని అక్కడికి వెళ్ళాలి.

ఇంత రాసి ఊరుకుంటే ఉపయోగం లేదు. వార్షికోత్సవం రోజు షీల్డులు పంచడానికి రెండు గంటలు తీసుకుంటున్నాం కదా, అందులో అరగంట మాకు ఇవ్వమని కమిటీ అన్నయ్యలను అడిగాం, ఒప్పుకున్నారు. కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న మన పూర్వ విద్యార్థులు కూడా వస్తే బాగుంటుంది. ఫిర్యాదు ఎలా రాయాలో ఒక నమూనా రాసి పెట్టాం, జిరాక్సులు ఇస్తాం. వచ్చేవాళ్ళు ఇంట్లో ఉన్న మోటారు సైకిలుదో, ఆటోదో ఇన్సూరెన్సు కాగితం వెంట తెచ్చుకోండి. వెనక కూర్చున్నవాళ్ళకి అందులో రక్షణ ఉందో లేదో, నడిపేవాడికి 15 లక్షలది కట్టారో లేదో అక్కడే కూర్చుని చూద్దాం. తేదీ దాటిపోయి ఉంటే సిగ్గుపడక్కర్లేదు, మొన్న మేము పరీక్షగా చూసిన ఆరు కాగితాల్లో నాలుగు దాటిపోయినవే.